ట్రాక్‌బాల్‌ని తిరగేస్తే మౌస్ అయింది

ఈరోజు కాస్త హిస్టరీ. కానీ మొదలు మాత్రం నా టేబుల్ దగ్గరే.

ఉద్యోగం మానేసి వీడియోలు మొదలుపెట్టినప్పుడు నా టేబుల్ వెడల్పు రెండున్నర అడుగులు. దాని మీదే ల్యాప్‌టాప్, ఆడియో ఇంటర్‌ఫేస్, చిన్న మిడి కీబోర్డ్, మైక్ స్టాండ్. మిగిలిన జానెడు చోటులో మౌస్ తిప్పాలి. టైమ్‌లైన్ ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్లాలంటే మౌస్ ఎత్తడం, పెట్టడం, మళ్లీ ఎత్తడం. ఒకసారి పూర్తి టేక్ అయిపోయే టైమ్‌కి అది మైక్ స్టాండ్‌కి కొట్టుకుంది. ఆ "ఠక్" ఇప్పటికీ నా హార్డ్‌డిస్క్‌లో ఉంది. నాలుగు నెలలకి మణికట్టు నొప్పి కూడా వచ్చింది. అప్పుడే ట్రాక్‌బాల్ కొన్నాను. కొత్త గాడ్జెట్ అనుకున్నా. తీరా చూస్తే మౌస్ కంటే అదే పెద్దది, వయసులో.

1946లో బ్రిటిష్ నేవీ కోసం రాల్ఫ్ బెంజమిన్ అనే ఇంజనీర్ రాడార్ స్క్రీన్ మీద గుర్తుని కదపడానికి ఒక రోలర్ బాల్ తయారు చేశాడు. మిలిటరీ రహస్యం కాబట్టి బయటి ప్రపంచానికి తెలియలేదు. 1950ల మొదట్లో కెనడా నేవీ వాళ్ల డేటార్ ప్రాజెక్ట్‌లో మళ్లీ బంతే. ఈసారి ఏ బంతో తెలుసా? అక్కడ ఆడుకునే ఫైవ్-పిన్ బౌలింగ్ బంతి! నాకు ఈ కథలో బాగా నచ్చిన ముక్క ఇదే.

బంతే ఎందుకు? ఓడ ఊగుతూ ఉంటుంది, కన్సోల్ ముందు చోటు ఉండదు. పరికరం కదలకూడదు, గుర్తు మాత్రం కదలాలి. నా టేబుల్ సమస్య కూడా అచ్చం అదే కదా, ఊగడం ఒక్కటి తప్ప.

ఇక మౌస్. 1964లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఆలోచనకి బిల్ ఇంగ్లిష్ చెక్కతో రూపం ఇచ్చాడు. కింద బంతి లేదు, అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి, రెండు చక్రాలు. తర్వాత వాళ్లు దాన్ని లైట్ పెన్, జాయ్‌స్టిక్ లాంటివాటితో పోటీకి పెట్టారు. మోకాలితో నడిపే కంట్రోల్ కూడా ఉంది, నిజంగా! అలవాటైన వాళ్ల చేతిలో మౌస్ గెలిచింది. కానీ ఆ పరీక్షలో ఇచ్చిన పని ఏంటి? స్క్రీన్ మీద టెక్స్ట్‌ని పట్టుకోవడం. టైమ్‌లైన్ లేదు, ఫేడర్ లేదు. పోటీలో ట్రాక్‌బాల్ కూడా లేదు.

జర్మనీలో ఇంకో కథ. టెలిఫుంకెన్ కంపెనీలో రైనర్ మాలెబ్రైన్ టీమ్ ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ కోసం ట్రాక్‌బాల్స్ చేసేది. వాటిని బిగించాలంటే టేబుల్‌కి రంధ్రం కొయ్యాలి. దాన్ని తిరగేసి, బంతి కిందకి వచ్చేలా చేతిలో పట్టుకుంటే? అదే రోల్‌కూగెల్. 1968 అక్టోబర్ 2న కంపెనీ దాన్ని ప్రకటించింది. ఎంగెల్‌బార్ట్ శాన్ ఫ్రాన్సిస్కోలో తన ఫేమస్ డెమో ఇచ్చింది డిసెంబర్ 9న, అంటే రెండు నెలల తర్వాత. అయినా పేరు ఎవరికి వచ్చిందో మీకు తెలుసు.

అంటే మౌస్ అన్ని పనులకీ గెలిచిన పరికరం కాదు. ఆఫీసు టేబుల్ మీద, టెక్స్ట్ పనికి గెలిచింది. కంప్యూటర్‌తో పాటు అదే మన ఇంటికి వచ్చేసింది, మనం అడగలేదు. కలర్ గ్రేడింగ్ చేసేవాళ్లని చూడండి. డావిన్చీ రిజాల్వ్ మైక్రో ప్యానెల్ మీద ఇప్పటికీ మూడు ట్రాక్‌బాల్స్ ఉంటాయి.

అలాగని ట్రాక్‌బాల్ దేవుడేం కాదు. మొదటి వారం నాకు ఏడుపొచ్చింది, కర్సర్ ఎక్కడ ఆగుతుందో తెలిసేది కాదు. వాల్యూమ్ ఆటోమేషన్ గీత చేత్తో గీయాలంటే ఇప్పటికీ మౌసే నయం. బంతి కింద జిడ్డు చేరుతుంది, అప్పుడప్పుడు బంతి తీసి తుడవాలి. ఎడమచేతి వాటం వాళ్లు బొటనవేలితో తిప్పే మోడల్ జోలికి వెళ్లేముందు ఆగండి, అవి దాదాపు అన్నీ కుడిచేతికే చేస్తారు. మధ్యలో పెద్ద బంతి ఉండేవి ఏ చేతికైనా సరిపోతాయి.

కొనేముందు ఒక పని చేయండి. ఒకరోజు ఎడిటింగ్‌లో మౌస్‌ని ఎన్నిసార్లు ఎత్తి పెడుతున్నారో లెక్కపెట్టండి. నేను ఒక గంటలోనే లెక్క మర్చిపోయాను.

వచ్చే ఎపిసోడ్‌లో పెన్ టాబ్లెట్ సంగతి చూద్దాం. ఉంటానండీ.