శిలాస్తంభముమీద ఒక పేరు
(అడివి బాపిరాజుగారి చారిత్రక నవలారచన)

రజతోత్సవ సంచికకు ఏదేని వ్రాయుమని గ్రంథాలయ మిత్రులు కోరినప్పుడు మొదట సంకోచించితిని. గ్రామ లెక్కలు వ్రాయుటయే తప్ప వ్యాసములు వ్రాయుట ఎరుగనివాడను. గురువుల సన్నిధిని చదివినవాడనును గాను. అడంగలు పని ముగిసిన సాయంకాలములందు ఈ గ్రంథాలయపు బల్లయొద్ద కూర్చుండి, నిఘంటువు తోడుగా భారత భాగవతములను కూడబలుకుకొంటిని. ఆ బల్లమీదనే యొకనాడు "అడివి శాంతిశ్రీ" యను నవల నా కంటబడినది. అది మన పల్నాటి నేలపై నడచిన కథ. దానిని రచించిన మహనీయుని గూర్చి నాలుగు మాటలు విన్నవించుకొందును.

అడివి బాపిరాజుగారు 1895లో భీమవరమున జన్మించిరి. రాజమహేంద్రవరమున చదువుకొనునాడు కూల్డ్రేదొర శిష్యరికము వారికి లభించెను. కళాశాలాధ్యక్షుడైన ఆ దొర స్వయముగా చిత్రకారుడు, రచయిత. దామెర్ల రామారావుగారును ఆయన ప్రోత్సాహమున పైకివచ్చినవారే. బాపిరాజుగారు సహాయనిరాకరణోద్యమమున కారాగారమున కేగిరి, న్యాయవాదవృత్తి చేసిరి, బందరు ఆంధ్ర జాతీయ కళాశాలకు అధ్యక్షులైరి, హైదరాబాదున "మీజాన్" పత్రికకు సంపాదకులైరి. వారి "నారాయణరావు" 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమానమును విశ్వనాథవారి "వేయిపడగలు"తో పంచుకొనెను. 1952లో వారు దివంగతులైరి.

వారి చారిత్రక నవలలు నాలుగు: శాతవాహనుల కాలమునకు "హిమబిందు", ఇక్ష్వాకులకు "అడివి శాంతిశ్రీ", వేంగీ చాళుక్యులకు "అంశుమతి", కాకతీయులకు "గోన గన్నారెడ్డి". వారు కవియేగాక చిత్రకారులును. కావుననే ఆ నవలలలో చరిత్ర కంటికి గోచరించును. రాజుల వంశావళి మనమెల్లరము వల్లింపవచ్చును. ఆ రాజుగారి కూతురు ఏ పువ్వు ముడిచెనో, ఏ రంగు వస్త్రము ధరించెనో ఊహింప చిత్రకారుని కన్ను కావలెను.

ఇక శాంతిశ్రీ మాట. 1926లో మన పల్నాటి సీమలోని నాగార్జునకొండ లోయయందలి శిథిలములు పండితుల దృష్టికి వచ్చెను. 1927 మొదలు 1931 వరకు లాంగ్‌హర్స్టుదొర అచట త్రవ్వకములు జరిపించెను. మహాచైత్యపు ఆయకస్తంభములమీది ప్రాకృత శాసనములను ఫోగెల్ పండితుడు చదివి ప్రకటించెను. అందు "అడవి చాతిసిరి" యను పేరొకటి కలదు. ఆమె ఇక్ష్వాకు మహారాజు శాంతమూలుని కూతురు; వీరపురుషదత్తుని తోబుట్టువు; ధనక వంశీయుడు, మహాసేనాపతియునైన స్కందవిశాఖుని ఇల్లాలు. స్తంభమెత్తించి పుణ్యము గట్టుకొన్నది. శాసనము ఇంతటితో సరి. ఆమె రూపమెట్టిదో, మనసెట్టిదో రాయి చెప్పలేదు.

బాపిరాజుగారు ఆ పేరును విడువలేదు. దానినే నవలకు నామముగా నిలిపిరి. వారి యింటిపేరును "అడివి"యే యగుట యాదృచ్ఛికమే కావచ్చును. కాని చదువరికి అది ముచ్చట గొల్పును. ఆ రాజగృహమున గొప్ప విశేషమొకటి కలదు. తండ్రి శాంతమూలుడు వాజపేయాశ్వమేధములు చేసిన వైదికుడు. ఆయన సోదరియు, కూతురును బౌద్ధ చైత్యమునకు స్తంభములెత్తించినవారు. ఒక్క యింట రెండు ధర్మములు కలహింపక వసించినవి. కథకునకు ఇంతకన్న సారవంతమైన భూమి ఏది?

అయినను యువపాఠకులకు ఒక మనవి. నవలలోని శాంతిశ్రీ పలుకులు, ప్రణయము, ఆమె హృదయమున జరిగిన మార్పులు కవి కల్పించినవి. శాసనమును నవలను పక్కపక్కన పెట్టుకొని చదువవలెను. ఒకటి సరిహద్దు రాయి; రెండవది ఆ పొలమున పండిన పైరు. రాయిని చూచి పైరనరాదు. పైరు పచ్చగానున్నదని రాయిని పెకలింపనురాదు.

ఈ సందర్భమున నా తప్పిదమొకటి చెప్పుకొనవలసియున్నది. వెనుకటి యొక సంవత్సరము పాత లెక్క జీర్ణించగా దానికి నకలు వ్రాసితిని. ఒక వితంతువు కమతమునకెదురుగా ఆమె పేరు వ్రాయక, తొందరలో "కీర్తిశేషుని భార్య" యని మాత్రము వ్రాసి, భర్త పేరుతో సరిపెట్టితిని. తరువాత ఆమె ఆ భూమి తనదేనని చూపుకొనవలసివచ్చి, కచేరి మెట్లు పెక్కుమారులెక్కి దిగినది. తప్పు దిద్దించితిని గాని, ఆమె నాతో అన్నమాట మరువలేదు: "అయ్యా, నాకూ ఒక పేరుందని మీకు తెలియదా?" ఆ రాత్రి శాంతిశ్రీ పుస్తకము మరల తెరచితిని. పదునేడు వందల యేండ్లనాడు రాతిపై ఉలి పట్టినవాడు మరువని దానిని కలము పట్టిన నేను మరచితినిగదా యని సిగ్గుపడితిని.

పిమ్మట ఒకనాడు మన నడికుడి స్టేషనున మాచర్ల బండి యెక్కి, అటనుండి బస్సులో విజయపురి చేరి, లాంచిమీద నాగార్జునకొండకు పోయితిని. 1955లో సాగరమునకు శంకుస్థాపన జరిగెను. 1954 మొదలు 1960 వరకు లోయనంతయు మరల త్రవ్విరి. కొన్ని కట్టడములను కొండమీదను, అనుపువద్దను తిరిగి నిలిపిరి. లాంచి నడచుచుండగా, శాంతిశ్రీ తిరిగిన వీథులు ఈ నీటి అడుగుననే యున్నవని తలచితిని. ఆ నీరే మన పొలములకును వచ్చుచున్నది. కావున నిందింప మనసొప్పలేదు. నగరము మునిగినది, పేరు మునుగలేదు. శాసనము దానిని కాపాడినది. నవల దానికి ప్రాణము పోసినది.

ఈ సంచిక చివర గ్రంథాలయ దాతల పట్టిక అచ్చగునట. అందు "ఫలానావారి సతీమణి" యని యున్నచోటులందెల్ల ఆ తల్లుల స్వంత పేర్లను గూడ అచ్చువేయుడని సంపాదకవర్గమును ప్రార్థించుచున్నాను. రేపటి బాపిరాజు ఎవరైనను ఈ యూర పుట్టినచో, వానికి చేయూతగా కనీసము ఒక పేరైనను మిగులనిండు.