నాదానికి నిలకడ: సొరబుర్ర నుండి విద్యుత్ మాండొలిన్ దాకా

తంత్రిని మీటి వాయించేవారికి తరతరాలుగా ఒక చిక్కు ఉన్నది. వేణువు ఊదేవాడు ఊపిరి ఉన్నంతసేపు స్వరాన్ని నిలుపగలడు. ఫిడేలు వాయించేవాడు కమాను నడిచినంతసేపు నిలుపగలడు. తంత్రిని మీటేవానికి ఆ సౌకర్యం లేదు. ఒకసారి మీటి వదలిన తరువాత నాదం తనంతట తాను క్షీణించవలసినదే. ఆ క్షీణతను ఆలస్యం చేయడానికి మానవుడు పనస మ్రానును, కంచును, అల్యూమినియమును, చివరకు విద్యుచ్ఛక్తిని కూడా ఆశ్రయించినాడు. ఈ చరిత్రలో ఒక ముఖ్యమైన ఘట్టం పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో పుట్టిన ఒక బాలునిది. ఆ సంగతికి రాకముందు, మీటిన తంత్రిలోని శక్తి ఎక్కడికి పోతున్నదో విచారించుదాము.

తంత్రిని పక్కకు లాగినప్పుడు వ్రేలు దానికి కొంత శక్తిని ఇస్తుంది. అదే దాని మూలధనం. మరల మీటేదాకా కొత్త జమ లేదు. ఖర్చు మాత్రం మూడు దారులలో జరుగుతూనే ఉంటుంది. కొంత గాలితో రాపిడిలో పోతుంది. కొంత తంత్రి లోహంలోని అంతర్ఘర్షణ వల్ల వేడిగా మారుతుంది. మిగిలినది తంత్రి ఆనుకొన్న రెండు కొనల గుండా వాద్యశరీరంలోకి ప్రవహిస్తుంది. తంత్రి సన్ననిది గనుక స్వయంగా గాలిని అంతగా కదలించలేదు. వాద్యశరీరం కంపించినప్పుడే మనకు చాలినంత ధ్వని వినబడుతుంది. అనగా బిగ్గరగా పలికే వాద్యం తన మూలధనాన్ని త్వరగా వెచ్చిస్తుంది. పొదుపుగా వెచ్చించే వాద్యం మెల్లగా పలుకుతుంది గాని ఎక్కువసేపు నిలుస్తుంది.

దీనిని ఏ పాఠశాలలోనైనా పరీక్షించవచ్చును. సిద్దిపేట జిల్లా అక్కన్నపేటలో పిల్లలకు చూపినా, మరెక్కడ చూపినా ఒక శ్రుతిదండం, ఒక గడియారం చాలును. శ్రుతిదండాన్ని తట్టి చేతిలో పట్టుకొని చెవి దగ్గర ఉంచితే సన్నని ధ్వని చాలాసేపు వినబడుతుంది. అంతే బలంతో మరల తట్టి దాని కాడను బల్ల మీద ఆనిస్తే గది అంతా వినబడుతుంది, కాని ధ్వని త్వరగా ఆగిపోతుంది. రెండు కాలాలను కొలిచి పట్టికలో వ్రాయించితే విద్యార్థులకు సూత్రం మనసులో నాటుకొంటుంది.

మన పాత వాద్యాలన్నీ ఈ బేరంలో ఒక్కొక్క తీరున ఒప్పందానికి వచ్చినవే. తెలంగాణలోని పన్నెండు మెట్ల కిన్నెరను చూడండి. వెదురు దండికి మూడు సొరబుర్రలు కట్టి, మెట్లను మైనంతో అతికిస్తారు. ఆ మెట్లకు పూర్వం అలుగు పొలుసులను వాడేవారు. అలుగు ఇప్పుడు చట్టరక్షణలో ఉన్న జంతువు. ఎండిన సొరబుర్ర పలుచనిది, తేలికైనది. తంత్రి నుండి శక్తిని వెంటనే గ్రహించి గాలికి అందిస్తుంది. ఊరి నడుమ కథ చెప్పేవానికి కావలసినది అదే. ఈ వాద్యాన్ని నిలబెట్టిన దర్శనం మొగిలయ్య గారికి 2022లో పద్మశ్రీ పురస్కారం లభించినది.

వీణ దారి వేరు. విజయనగరం జిల్లా బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణను ఒకే పనస దుంగ నుండి తొలుస్తారు. కుండ, దండి వేరువేరుగా అతికినవి కావు గనుక అతుకుల వద్ద కలిగే శక్తినష్టం అక్కడ ఉండదు. 24 లోహపు మెట్లు మసి కలిపిన మైనపు కట్టు మీద నిలుస్తాయి. గుర్రం మీద కొద్దిగా వంపు తిరిగిన లోహపు పలక ఉంటుంది. విశాఖపట్నంలో బాల్యవిద్య నేర్చిన చంద్రశేఖర వేంకట రామన్ 1921లో ఈ వంపునే పరిశీలించి ఒక వ్యాసం ప్రకటించినారు. తంత్రిని ఒక ఉపస్వరానికి చలనం లేని బిందువు వద్ద మీటితే ఆ ఉపస్వరం పలుకరాదని సామాన్య నియమం. వీణలోను, తంబురాలోను అది కూడా పలుకుతుందని ఆయన చూపినారు. కంపించే తంత్రి ఆ వంపును తాకుతూ విడుస్తూ ఉండడమే దీనికి కారణం. తంబురా గుర్రం మీద తంత్రి కింద ఉంచే జీవాళి అనే చిన్న నూలుపోగు ఆ తాకిడిని సరిదిద్దుతుంది. నాదాన్ని నిండుగా, ఎడతెగనట్లుగా వినిపించే ఉపకరణాలలో ఇంతకంటె చౌక అయినది మరొకటి లేదు.

కాని బేరం బేరమే. వేలమంది కూర్చున్న సభలో బిగువు, నిలకడ రెండూ కావాలంటే బయటి నుండి శక్తి రావలె. ఫారడే 1831లో విద్యుదయస్కాంత ప్రేరణను కనుగొన్నాడు. అయస్కాంతక్షేత్రంలో ఉక్కుతంత్రి కదలితే దగ్గరి రాగితీగచుట్టలో విద్యుత్తు పుడుతుంది. 100 సంవత్సరాల తరువాత, 1931లో, అమెరికాలో జార్జ్ బీచమ్ ఈ సూత్రాన్ని గిటారుకు అన్వయించినాడు. మరుసటి సంవత్సరం అడాల్ఫ్ రికెన్‌బాకర్‌తో కలిసి దానిని విపణిలోకి తెచ్చినాడు. అది పోత పోసిన అల్యూమినియం వాద్యం. ఆకారాన్ని బట్టి జనం దానికి వేపుడు పెనం అని పేరు పెట్టినారు. అల్యూమినియం ఉక్కు కంటె సుమారు రెండు రెట్లు వ్యాకోచిస్తుంది గనుక రంగస్థల దీపాల వేడికి శ్రుతి మారేది. 1935లో అదే సంస్థ బేకలైటుతో మరొక నమూనా తయారుచేసినది.

ఇక్కడ ఒక తలకిందులు జరిగినది. ధ్వనిని వర్ధకం పెంచుతున్నది గనుక వాద్యశరీరం కంపించవలసిన పని తప్పినది. అది ఎంత బిగుసుకొని ఉంటే తంత్రిలోని శక్తి అంత పదిలం. లెస్ పాల్ 1940 ప్రాంతంలో నాలుగంగుళాల చదరపు దేవదారు మొద్దుకు తంత్రులు బిగించి చూచినాడు. తరువాత 1969లో డాన్ ఆర్మ్‌స్ట్రాంగ్ రూపొందించిన పారదర్శక ప్లాస్టిక్ గిటారు, 1974 నుండి ట్రావిస్ బీన్ చేసిన అల్యూమినియం మెడ గిటార్లు, 1980 ప్రాంతంలో నెడ్ స్టైన్‌బర్గర్ కర్బనపు నారతో చేసిన తల లేని వాద్యాలు వచ్చినవి.

ఇక పాలకొల్లు సంగతి. మాండొలిన్ తంత్రి సుమారు 35 సెంటీమీటర్ల పొడవు మాత్రమే. నాదం ఇట్టే ఆగిపోతుంది. అందుకే పాశ్చాత్యులు ఒక్కొక్క స్వరానికి రెండేసి తంత్రులు బిగించి, వాటిని వడివడిగా అటూ ఇటూ మీటుతారు. కర్ణాటక సంగీతానికి ఆ పద్ధతి పనికిరాదు. ఒక్క మీటుతో పుట్టిన నాదం మీదనే గమకం నడవాలి. జంట తంత్రులను పక్కకు లాగితే రెండూ సమంగా బిగుసుకొనవు, శ్రుతి చెదురుతుంది. 1969 ఫిబ్రవరి 28న జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ ఆరేళ్ల ప్రాయంలో తండ్రి సత్యనారాయణ గారి మాండొలిన్‌ను చేపట్టినారు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారు పాడి చూపితే శిష్యుడు దానిని తంత్రుల మీద వెదకుకొన్నాడు. 1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధన సందర్భంగా తొలి కచేరీ జరిగినది. ఆయన స్థిరపరచుకొన్న వాద్యం విద్యుత్ మాండొలిన్. దానికి జంటలు లేవు, ఐదు ఒంటి తంత్రులు. గట్టి శరీరం శక్తిని దాచినది, ఒంటి తంత్రి గమకానికి లొంగినది, వర్ధకం సభకు వినిపించినది. ఈ మూడింటిలో ఏది లోపించినా త్యాగరాజ కృతి ఆ వాద్యం మీద పలికేది కాదు. 1998లో ఆయనకు పద్మశ్రీ లభించినది. 2014 సెప్టెంబరు 19న, 45 ఏళ్లకే, చెన్నైలో కన్నుమూసినారు.

గిటారు వాయించేవారు నిలకడ కోసం మరికొన్ని ఉపకరణాలు వాడుతున్నారు. మెడ చివర ఇత్తడి పలక బిగించడం ఒకటి. గిటారు మెడకు సహజ పౌనఃపున్యాలు ఉంటాయి. స్వరం వాటితో సరిపోలితే మెడ అనునాదం చెంది శక్తిని మింగివేస్తుంది, ఆ ఒక్క స్వరం వెంటనే చచ్చిపోతుంది. బరువు చేర్చితే ఆ పౌనఃపున్యం జరుగుతుంది. అంతే గాని ఇత్తడిలో మరే మహిమా లేదు. గ్రెగ్ హీట్ 1976లో విపణిలోకి తెచ్చిన విద్యుత్ కమాను వేరొక తరగతిది. చేతిలో ఇమిడే ఆ సాధనంలో ఒక తీగచుట్ట తంత్రి కదలికను గ్రహిస్తుంది. మరొకటి, 9 వోల్టుల బ్యాటరీ సహాయంతో, ఉయ్యాలను అదనుకు ఊపినట్లు తంత్రిని ఊపుతుంది. జమ ఆగదు గనుక నాదమూ ఆగదు. సభలలో మైకు కూత పెట్టడం కూడా ఈ సూత్రమే, కాకపోతే అక్కడ అది కోరనిది.

విద్యుత్తు చేరిన నాదం కృత్రిమం కాదా అని ఆనాడు శ్రోతలు కొందరు శంకించినారు. ఈ శంకకు భౌతికశాస్త్రం కొంతవరకు సమాధానం చెప్పగలదు. వర్ధకం శక్తిని మాత్రమే ఇస్తుంది. ఏ స్వరం, ఎంత వంపు, ఎప్పుడు విరామం అన్నది తంత్రి మీది వ్రేలు నిర్ణయిస్తుంది. సొరబుర్ర కూడా ఒకనాడు తంత్రికి బయటి నుండి తెచ్చి కట్టిన ఉపకరణమే. రాగం పలికినదా లేదా అన్న తీర్పు మాత్రం చెవిది. పాలకొల్లు మాండొలిన్ విషయంలో చెవి ఆ తీర్పును ఏనాడో ఇచ్చినది.