లేబుల్ మీద పేర్లు

న్యూయార్క్‌లో 42వ వీధిలో, కమడోర్ హోటల్‌కి దగ్గర్లో ఒక చిన్న రేడియో దుకాణం ఉండేది. హోటల్ పేరే కొట్టుకీ పెట్టుకున్నారు. 1920ల్లో యజమాని కొడుకు మిల్ట్ గాబ్లర్ ఇంకా బడికి వెళ్లే కుర్రాడు. సాయంత్రాలు కొట్లో కూర్చునేవాడు. దారినపోయేవాళ్ల చెవిన పడాలని గుమ్మం పైన లౌడ్‌స్పీకర్ కట్టి రేడియో పెట్టాడు. పాట విని లోపలికొచ్చినవాళ్లు రేడియోల వైపు చూడకుండా "ఈ పాట రికార్డు ఉందా?" అని అడగడం మొదలుపెట్టారు. కుర్రాడు తండ్రికి నచ్చజెప్పి రికార్డులు తెప్పించాడు. కొన్నేళ్లకు రేడియోలు మూలకు జరిగాయి, కొట్టు కమడోర్ మ్యూజిక్ షాప్ అయింది.

జాజ్ అభిమానులు ఊళ్లూ దేశాలూ తిరిగి వెతుక్కునే ‘రీఇష్యూ’, అంటే పాత రికార్డును మళ్లీ అచ్చొత్తి అమ్మడం, ఒక వ్యాపారంగా నిలదొక్కుకున్నది ఈ కొట్లోనే.

అప్పటి రికార్డు కంపెనీలకు పాత సరుకంటే గిట్టేది కాదు. 1917లో ఒరిజినల్ డిక్సీలాండ్ జాజ్ బ్యాండ్ విక్టర్ కంపెనీకి ఇచ్చిన ప్లేటు తొలి జాజ్ రికార్డుగా పేరు పొందింది. 1923లో కింగ్ ఆలివర్ బృందం ఇండియానా రాష్ట్రంలోని రిచ్‌మండ్ వెళ్లి జెనెట్ కంపెనీకి వాయించింది. అందులో రెండో కార్నెట్ బాకా పట్టినవాడు ఇరవై ఒక్కేళ్ల లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్. ఇంతటి సంగీతమూ కొన్ని నెలలు అమ్ముడై, సీజను పోయిన మామిడిపళ్లలా కేటలాగులోంచి మాయమయ్యేది. ఆ పైన ఆర్థిక మాంద్యం వచ్చింది. అమెరికాలో 1927లో పది కోట్లు దాటిన రికార్డుల అమ్మకం 1932 నాటికి 60 లక్షలకు పడిపోయింది. కంపెనీలు మూతపడ్డాయి, చేతులు మారాయి. అచ్చులు గోదాముల్లో దుమ్ము పట్టాయి.

గాబ్లర్ దుకాణానికి వచ్చే కాలేజీ కుర్రాళ్లు అడిగేవి మాత్రం సరిగ్గా ఆ మాయమైన ప్లేట్లే. మొదట అతను కంపెనీల దగ్గర అమ్ముడుపోకుండా మిగిలిన సరుకు కొనుక్కొచ్చాడు. అదీ అయిపోయాక ఇంకో ఆలోచన వచ్చింది. అప్పట్లో మైనపు పలక మీద చెక్కిన ధ్వని నుంచి లోహపు అచ్చు తీసేవారు, ఆ అచ్చుతో ఒత్తితే ప్లేటు తయారయ్యేది. అచ్చు గోదాములో ఉంది కదా, డబ్బు నేనిస్తాను, నా కోసం మళ్లీ ఒత్తండి అన్నాడు. చచ్చిన సరుకుకు ఎదురు డబ్బిచ్చే పిచ్చివాడు దొరికితే కంపెనీ ఎందుకు కాదంటుంది? 1935లో జాన్ హామండ్, మార్షల్ స్టెర్న్స్ వంటి జాజ్ ప్రేమికులతో కలిసి ‘యునైటెడ్ హాట్ క్లబ్స్ ఆఫ్ అమెరికా’ అనే సంఘం పెట్టి, దాని పేరుతో రీఇష్యూలు వరసగా తెచ్చాడు.

ఆ ప్లేట్ల మీద కొత్త సంగతి ఒకటుంది. వాయించినవాళ్లందరి పేర్లూ, ఎవరు ఏ వాద్యం పట్టారో సహా, లేబుల్ మీద అచ్చయ్యాయి.

చూడ్డానికి ఇది చిన్న మర్యాదలా ఉంటుంది. కానీ అంతకుముందు లేబుల్ మీద బ్యాండు నాయకుడి పేరుంటే గొప్ప. కార్నెట్ వాద్యకారుడు బిక్స్ బైడర్‌బెక్ పాల్ వైట్‌మన్ ఆర్కెస్ట్రాలో వాయించిన ప్లేట్ల మీద వైట్‌మన్ పేరే ఉండేది. బిక్స్ 1931లో 28 ఏళ్లకే పోయాడు. ఏ ప్లేటులో అతను ఉన్నాడో, ఏ వరస దగ్గర కార్నెట్ ఎత్తాడో చెవితో పోల్చుకోవలసిందే. అలా పోల్చుకోగలవాళ్లే తొలి సేకర్తలు.

వాళ్లు లేబుల్‌తో ఆగలేదు. పాట అయిపోయాక ముల్లు తిరిగే ఖాళీ జాగాలో సన్నగా చెక్కి ఉండే అంకెలను భూతద్దం పెట్టి చదివారు. అవి రికార్డింగ్ నంబరు, ఎన్నోసారి వాయించినదో చెప్పే ‘టేక్’ నంబరు. ఒకే పాటను ఒకే పూట రెండు మూడు సార్లు వాయించేవారు. జాజ్‌లో సోలో అప్పటికప్పుడు పుట్టేది కాబట్టి రెండో టేకులో ఇంకో మనోధర్మం వినిపిస్తుంది. కచేరీలో ఒకే రాగాన్ని రెండు రోజులు విన్నవాళ్లకు ఈ తేడా చెప్పక్కర్లేదు. అందుకే సేకర్తకు రెండు టేకులూ కావాలి. 1936లో ప్యారిస్‌లో షార్ల్ దెలోనే ఈ వివరాలన్నీ కూర్చి ‘హాట్ డిస్కోగ్రఫీ’ అనే పుస్తకం వేశాడు. వెతుకులాటకు అదే పంచాంగమైంది.

కంపెనీలకు కనువిప్పు కొంచెం ఆలస్యంగా కలిగింది. 1940లో కొలంబియా తన పాత జాజ్‌ను ఆల్బమ్‌లుగా కట్టే పనిని యేల్ విద్యార్థి జార్జ్ అవాకియన్‌కు అప్పగించింది. కనెక్టికట్‌లోని బ్రిడ్జ్‌పోర్ట్ ఫ్యాక్టరీలో అతను తవ్వుతుంటే ఎన్నడూ విడుదల కాని ఆర్మ్‌స్ట్రాంగ్ రికార్డింగులు బయటపడ్డాయి.

ఇంతలో రెండో ప్రపంచ యుద్ధం. ఆ ప్లేట్లలో కలిసే ముఖ్యమైన దినుసు షెల్లాక్. అంటే మన లక్కే, ఏటికొప్పాక బొమ్మలకు మెరుపునిచ్చే లక్క. అమెరికాకు అది ప్రధానంగా భారతదేశం నుంచే వెళ్లేది. సముద్రం మీద రవాణా కష్టమై, యుద్ధ అవసరాలూ పెరగడంతో 1942లో అమెరికా ప్రభుత్వం రికార్డులకు వాడే లక్కపై గట్టి కోత పెట్టింది. పాత ప్లేట్లు కరిగించి కొత్తవి చేయడానికి ఇంటింటా పోగు చేశారు. ఆ కుప్పల్లో ఎన్ని అరుదైన ప్లేట్లు కరిగిపోయాయో లెక్క కట్టినవాళ్లు లేరు. అచ్చూ తుక్కైపోయి ప్లేట్లూ కరిగిపోయినచోట, ఎవరో ఒకరి అలమరలో మిగిలిన గీతలు పడ్డ ప్రతే మూలప్రతి. రీఇష్యూ చేసేవాళ్లు సేకర్తల తలుపు తట్టక తప్పని రోజులు వచ్చాయి.

1948లో ఎక్కువసేపు మోగే ఎల్పీ రికార్డు రావడంతో మూడేసి నిమిషాల పాటలు గుత్తులుగా కట్టడం సులువైంది. దొంగ రీఇష్యూలూ పుట్టుకొచ్చాయి. ‘జాలీ రోజర్’ అని సముద్రపు దొంగల జెండా పేరే పెట్టుకున్న ఒక లేబుల్ తన ప్లేట్లను ఆర్‌సీఏ విక్టర్ ఫ్యాక్టరీలోనే ఒత్తించుకుంది, వాటిలో విక్టర్ సొంత సంగీతమూ ఉంది! 1951లో ‘ది రికార్డ్ ఛేంజర్’ పత్రిక ఈ గుట్టు విప్పింది. ఆ పత్రిక నడిపిన బిల్ గ్రౌవర్, ఓరిన్ కీప్‌న్యూస్ 1953లో రివర్‌సైడ్ అనే కంపెనీ పెట్టి మొదట పారామౌంట్ రికార్డు కంపెనీ వారి పాత జాజ్‌ను రీఇష్యూ చేశారు. తర్వాత కొత్త రికార్డింగులకు దిగి, 1955లో పియానో వాద్యకారుడు తెలోనియస్ మంక్‌ను తెచ్చుకున్నారు. గాబ్లర్ నడిచిన దారే ఇది. 1938లో అతనూ కమడోర్ పేరుతో సొంత రికార్డింగులు మొదలుపెట్టాడు. మరుసటి ఏడాది కొలంబియా వద్దన్న ‘స్ట్రేంజ్ ఫ్రూట్’ పాటను బిల్లీ హాలిడే గొంతులో విడుదల చేసినవాడు అతనే. పాతను వెతికిన చెవికి కొత్తదీ ముందే వినబడింది.

1980ల తొలినాళ్లలో మైకెల్ కస్కూనా, చార్లీ లౌరీ కలిసి మొజాయిక్ సంస్థ స్థాపించారు. ఒక కళాకారుడు ఒక కంపెనీకి వాయించినదంతా ఒకే పెట్టెలో, పరిమితమైన ప్రతులతో, పోస్టులో మాత్రమే అమ్మడం వాళ్ల పద్ధతిగా ఉండేది. మొదటి పెట్టె మంక్ బ్లూ నోట్ కంపెనీకి వాయించినది. కొన్నాళ్లకు ఆ పెట్టెలే అరుదైపోయి, రీఇష్యూల కోసమూ వేట మొదలైంది.

మంక్ సంగీతంలోనే ఇంకో కథ ఉంది. 1957లో మంక్, సాక్సఫోను వాద్యకారుడు జాన్ కోల్ట్రేన్ కలిసి న్యూయార్క్‌లోని ఫైవ్ స్పాట్ క్లబ్బులో నెలల తరబడి వాయించారు. కోల్ట్రేన్ ఒప్పందం వేరే కంపెనీతో ఉండడం వల్ల వాళ్ల జోడీని స్టూడియోలో రికార్డు చేసింది చాలా తక్కువ. 2005లో వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో లారీ ఆపెల్‌బామ్ వాయిస్ ఆఫ్ అమెరికా రేడియో పాత టేపులను డిజిటల్‌లోకి మార్చే పనిలో ఉన్నాడు. 1957 నవంబర్ 29 నాటి కార్నెగీ హాల్ కచేరీ టేపులు కొన్ని చేతికొచ్చాయి. ఒకదాని మీద చేతిరాతతో ‘టి. మంక్’ అని ఉంది. టేపు తిరగగానే సాక్సఫోను వినబడింది. అది కోల్ట్రేన్‌దని అతని చెవి పోల్చుకుంది. అదే ఏడాది ఆ కచేరీ బ్లూ నోట్ ఆల్బమ్‌గా వచ్చింది.

టేపు పెట్టె మీద ఆ పేరు రాసిన ఉద్యోగి ఎవరైనా, గాబ్లర్ లేబుల్‌కు నేర్పిన మర్యాదే పాటించాడు. మిగతాది, బిక్స్ నాటిలాగే, చెవి చూసుకుంది.