చేర్యాల పటం – మధ్యలో ఆగిన కథ

జనగామ నుంచి సిద్దిపేట పోయే దారిలో ఉంటుంది చేర్యాల. చదువుకునే రోజుల్లో ఎన్నిసార్లు బస్సులో ఆ ఊరు దాటామో! దిగింది మాత్రం నిరుడే, మన బ్యాచ్ వాళ్లం నలుగురం కలిసి వెళ్లినప్పుడు. అప్పుడది వరంగల్ జిల్లా, 2016 నుంచి సిద్దిపేట జిల్లా.

బొమ్మలు వేసే నకాషీల ఇంట్లో కూర్చున్నాం. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, బంక కలిపి పూస్తారు. ఆరాక గీతలు, వెనుకంతా ఎరుపు. ఈ పటాలు మొదట గోడకు తగిలించడానికి పుట్టినవి కావు. ఊరూరా తిరిగే కథకులు వేయించుకున్నవి. పదుల అడుగుల పొడవున్న చుట్టను గడి గడిగా విప్పుతూ రాత్రంతా కథ చెప్పేవారు.

ఒక్కో కులానికి ఒక్కో పురాణం, దాన్ని చెప్పే ఆశ్రిత కులం. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ పురాణం చెప్పేవారు. ముదిరాజులకు కాకిపడగలవారు పాండవుల కథ, మాదిగలకు డక్కలివారు జాంబపురాణం. ఆ జాంబపురాణంలో సృష్టి కంటే ముందువాడు జాంబవంతుడు. ఊరి చివరకు నెట్టేసిన కులం, అందరికన్నా తామే పెద్దలమని బొమ్మలు చూపించి మరీ చెప్పించుకుంది! మన సాంఘికశాస్త్రం పుస్తకంలో కాకతీయులున్నారు, కుతుబ్‌షాహీలున్నారు, ఈ మాట మాత్రం లేదు. (సార్లను తప్పుపట్టడం లేదు. వాళ్ల చేతికిచ్చిన పుస్తకమూ అదే కదా.)

మాది సాలోళ్ల ఇల్లు. కూనపులివారు మా వాడకు వచ్చినప్పుడు నాకు ఎనిమిదేళ్లు. తాత బియ్యం, పంచె ఇచ్చాడు. భావనారుషి పులినెక్కే గడి దాకా చూసి నిద్రపోయాను. తెల్లారి ఏడిస్తే, "మళ్లొస్తరు, అప్పుడు సూద్దువులే" అన్నాడు తాత. వాళ్లు మళ్లీ రాలేదు. మగ్గాలు ఆగి సగం వాడ భీవండికో షోలాపూర్‌కో పోయింది. ఇచ్చేవాళ్లు లేని వాడకు ఎవరొస్తారు?

చినిగిన పటాన్ని నీళ్లలో కలిపి కొత్తది వేయించుకోవడం కథకుల ఆనవాయితీ. అందుకే పాతవి అరుదు. ఇప్పుడు నకాషీలకు తిండి పెడుతున్నవి చిన్న ఫ్రేములు, రంపపు పొట్టుతో చేసే మాస్కులు. బతుకమ్మ, బోనాలు, ఎడ్లబండి బాగా అమ్ముడుపోతాయట. చూడ్డానికీ బాగున్నాయి.

నేను పులి బొమ్మ అడిగాను. జానెడు ముక్క తెచ్చాడాయన, పులి మీద రుషి. "దీని తర్వాత ఏమైతది?" అన్నాను.

"గీసుడు మా పని సార్, చెప్పుడు వాళ్లది" అన్నాడు.

ఆ ముక్క కొనుక్కొచ్చాను. ఈ సంచిక చదివేవాళ్లలో కూనపులివారి కథ చివరిదాకా విన్నవాళ్లుంటే, ఉత్సవం రోజు దయచేసి నన్ను వెతికి పట్టుకోండి.