గుర్తు తెలియని మృతదేహం.. ఎవరిదో ఎలా తేలుస్తారు?

మార్చురీలో ఓ మృతదేహం. జేబులో ఆధార్ లేదు, ఫోన్ లేదు. ఇంకెక్కడో ఓ కుటుంబం తమ మనిషి కోసం ఎదురుచూస్తోంది. ఈ రెండింటినీ కలిపేది ఫోరెన్సిక్ నిపుణులే. ఎలాగో చూద్దాం.

వేటిని నమ్ముతారు?
ఇంటర్‌పోల్ మార్గదర్శకాల ప్రకారం ప్రధాన ఆధారాలు మూడు: వేలిముద్రలు, దంతాలు, డీఎన్‌ఏ. పచ్చబొట్లు, బట్టలు సాయపడతాయి కానీ, వాటితోనే నిర్ధారించరు. ముఖం చూసి గుర్తుపట్టడంలోనూ పొరపాట్లు జరుగుతాయి. 2023 జూన్ 2న బాలాసోర్ రైలు ప్రమాదం తర్వాత ఒకే మృతదేహం తమవారిదేనంటూ ఒకటికి మించి కుటుంబాలు రావడంతో డీఎన్‌ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది.

డీఎన్‌ఏ ఉంటే చాలా?
చాలదు. పోల్చడానికి రక్తసంబంధీకుల నమూనా కావాలి. తల్లిదండ్రులవి, పిల్లలవి అయితే మేలు. జీవిత భాగస్వామి నమూనాతో నేరుగా పోల్చలేరు. జాతీయ డీఎన్‌ఏ డేటా బ్యాంకు కోసం 2019లో లోక్‌సభలో పెట్టిన బిల్లును 2023లో ఉపసంహరించుకున్నారు. కాబట్టి నమూనా ఇస్తామని పోలీసులకు మీరే చెప్పండి.

మీరేం చేయాలి?
* మనిషి కనిపించకపోతే 24 గంటలు ఆగాలన్న నిబంధన ఏదీ లేదు. వెంటనే ఫిర్యాదు చేయండి. అత్యవసరమైతే 112కు ఫోన్ చేయండి.
* తాజా ఫొటో, పుట్టుమచ్చలు, ఆపరేషన్ల వివరాలు, పళ్ల ఎక్స్‌రేలు ఇవ్వండి.
* వారు వాడిన టూత్‌బ్రష్, దువ్వెన, రేజర్ కడగకండి. విడివిడిగా కాగితం కవర్లలో దాచండి.
* మీ ఫోన్ నంబర్ మారితే స్టేషన్‌లో చెప్పండి. ఏళ్ల తర్వాత ఆధారం దొరికినా, కబురు మీకు చేరాలి కదా!