కొళాయి పనివాడు – నమ్మకము



పరిచయము లేని పనివానిని ఇంటిలోనికి పిలువవలసి వచ్చినప్పుడు వాని నేర్పును, నిజాయితీని ఎట్లు కనుగొనవలెను? ఈ చిక్కు నేటిది కాదు. దీని చరిత్రను విశాఖపట్టణపు కొళాయి పనివాని దృష్టాంతముగా గొని కొంత విన్నవింపదలచితిని.

పూర్వము మన గ్రామములలో వడ్రంగి, కమ్మరి, కుమ్మరి మొదలగువారు ఆయగాండ్రుగా నుండిరి. రైతు కళ్ళములో ధాన్యము కొలుచునప్పుడు వారి మేర వారికి ముట్టుచుండెను. నాగలి సరిగా చెక్కని వడ్రంగి మరుసటి యేట మరల ఆ కళ్ళమునకే రావలెను. కావున వాని నడతకు ఊరంతయు పూచీ. అట్లని ఈ పద్ధతిని పూర్తిగా మెచ్చుకొనరాదు. పని పుట్టుకనుబట్టి వచ్చెనే కాని నేర్పునుబట్టి కాదు. చేయించుకొనువానికి ఎన్నుకొను వీలు గాని, చేయువానికి విడిచిపోవు వీలు గాని అంతగా లేకుండెను.

పట్టణములకు ఈ పూచీ చాలదని పెద్దలు ఏనాడో గ్రహించిరి. కౌటిల్యుని అర్థశాస్త్రము 1909లో మైసూరున అచ్చుపడినది. అందు కంటకశోధనమను నాలుగవ అధికరణము పనివారినిగూర్చిన నియమములతోనే మొదలగును. చోటు, కాలము, పని ముందుగా నిర్ణయించుకొని చేయవలెను. కాలము మీరినచో కూలిలో నాలుగవ పాలు తగ్గును. చెప్పినదానికి మారుగా చేసినచో కూలియంతయు పోవును. ఈ రెంటికిని పైగా దండుగయు కలదు.

రోము నగరమున క్రీ.శ. 97లో నీటి సరఫరాకు అధికారియైన ఫ్రాంటినస్ తన గ్రంథమున నీటి పనివారి మోసములను బయలుపెట్టెను. ఇంటికి పోవు గొట్టము మొదట కంచు మూతి నమర్చి, కొలత సరియని దానిపై ముద్ర వేయవలెనని నియమము. అయినను ముద్రలేని పెద్ద మూతులు పెట్టియు, వీధులక్రింద దొంగగొట్టములు తగిల్చియు నీరమ్ముకొనువా రుండిరి. ఆ గొట్టములు సీసపువి. లాటిను భాషలో సీసమునకు ప్లంబమని పేరు. ప్లంబరను మాట దానినుండియే పుట్టినది. లండను నగరమున ఈ వృత్తివారి సంఘమునకు 1365లోనే కట్టుబాట్లు ఏర్పడినవి. మన పల్లెలలో నన్ననో, కొళాయియే క్రొత్తది గనుక, ఆయగాండ్రలో ఈ పనివానికి స్థానము లేకపోయెను.

ఇక విశాఖపట్టణము మాట. నూతులపై బ్రతికిన ఈ ఊరికి 20వ శతాబ్ది ఆరంభమున ముడసర్లోవ నీరు వచ్చినది. 1933లో ఓడరేవు తెరవబడినది. 1941లో సింధియావారి నౌకానిర్మాణశాలకు, 1971లో ఉక్కు కర్మాగారమునకు పునాదిరాళ్లు పడినవి. జనము పెరిగినకొలది గోస్తనీనదిపై తాటిపూడి జలాశయము, మేఘాద్రిగెడ్డ, రైవాడ నీరును ఆధారములైనవి. ఉక్కు కర్మాగారమునకు ఏలేరు నీటిని కాలువద్వారా తెచ్చిరి. పలు జిల్లాల ప్రజలు, పలు రాష్ట్రముల ప్రజలు వచ్చి చేరిరి. పొరుగువాని ఊరు పేరు తెలియని చోట కళ్ళపు పూచీ ఎట్లు నిలుచును?

అదిగాక ఈ పని కంటికి కానరానిది. ఇనుప గొట్టమునకు తుప్పు పట్టకుండ తుత్తునాగపు పూత పూయుదురు. మర కోసిన చోట ఆ పూత పోవును. సముద్రపు టుప్పుగాలి తగులు ఊరిలో తుప్పు అచ్చటనే ముందుగా ఆరంభించును. మంచి పనివాడు ఆ అతుకును భద్రపరచును. కానివాడు సిమెంటుతో కప్పివేయును. ఆ దినమున రెండును ఒక్కతీరుననే కనబడును.

కప్పిన తప్పువలన చెడునది గోడ మాత్రమే కాదు. నీరు విడువని వేళ గొట్టము ఖాళీయైనచో, పగులులగుండ చుట్టునున్న మురుగు లోనికి చొచ్చును. 2018 మార్చిలో గుంటూరు నగరమున త్రాగునీరు కలుషితమై అతిసారము ప్రబలి పలువురు మరణించిరి. అతుకు చిన్నదని అశ్రద్ధ చేయరాదనుటకు ఇంతకన్న నిదర్శనము వలదు.

1950లో భారత ప్రభుత్వము పనివారి శిక్షణకు ఒక పథకము నేర్పరచెను. ఆ వరుసలో వెలసిన ప్రభుత్వ పారిశ్రామిక శిక్షణ సంస్థ విశాఖపట్టణమున కంచరపాలెమునందు కలదు. ప్లంబరు పనికి దేశమున ఒక సంవత్సరపు చదువును, పరీక్షయు, పత్రమును ఉన్నవి. పత్రము రోమనుల ముద్రవంటిది. అది నేర్పును చెప్పును గాని నిజాయితీని చెప్పజాలదు.

కావున మూడు కాలముల ఉపాయములను కలుపుకొనవలెనని నా మనవి. పత్రము చూడుడు; అది ముద్ర. పని, సామాను, గడువు, కూలి కాగితముపై వ్రాయించుడు. అది కౌటిల్యుని కట్టుబాటు. వాడు చేసిన పని ఒక వర్షకాలము గడచిన యింటికి పోయి విచారింపుడు. అది కళ్ళపు పూచీ. గోడ పూడ్చకమునుపే గొట్టమున నీరు నింపించి అతుకులు పరీక్షింపుడు. విప్పిన పాత సామానును మీకు చూపుమనుడు.

నమ్మకము ఒక్కవైపుది కాదు. ఒప్పుకొన్న కూలిని బేరమాడి కోయువానికి మంచి పనివాడు రెండవసారి దొరకడు. మురుగు తొట్టిలోనికి రక్షణసామగ్రి లేక మనిషిని దింపుట 2013 నాటి చట్టముచే నిషిద్ధము. చట్టము లేకున్నను అది పాపమే.

ఇది పట్టణపు గొడవయని మీరు త్రోసివేయరాదు. 2019లో ప్రకటింపబడిన జలజీవన పథకము ప్రతి పల్లెయింటికి కొళాయి నీయ సంకల్పించినది. కొళాయి వెంట కొళాయి పనివాడును మీ గడపకు వచ్చును. వానిని మీ ఊరి యువకులలోనుండియే, కులము చూడక నేర్పు చూచి, శిక్షణకు పంపి తయారుచేసికొన్నచో, ముద్రయు పూచీయు ఒక్కనియందే లభించును. ఆ పని మీవంటి పెద్దలు పూనుకొనదగినది.

సెలవు.