చికన్ మూటలు, సమందర్ కినారా, వేసవి చుట్టీలు

పోయిన ఆదివారం ఇషా నమాజ్ అయ్యాక మా ఆపా కూతురు న్యూజెర్సీ నుంచి ఫోన్ చేసింది. అక్కడ జూన్ నెలలో స్కూళ్లకు చుట్టీలు మొదలవుతాయి. "మామూ, ఈసారి పిల్లల్ని నాలుగు రోజులు సముద్రం దగ్గరికి తీసుకెళ్దామని. లిస్టు రాసుకున్నాను, ఒకసారి చూసి చెప్పండి" అంది. ఎప్పుడూ అమెరికా మొహం చూడని నన్ను అడగడమేంటని నవ్వాను. "మీరు పత్రికలో తారీఖ్ గురించి రాస్తారుగా, ఏ ఊరు మంచిదో చెప్పండి" అంది.

లిస్టు వాట్సాప్‌లో వచ్చింది. లాంగ్ బ్రాంచ్, ఆస్బరీ పార్క్, అట్లాంటిక్ సిటీ, కేప్ మే. నాలుగూ న్యూజెర్సీ తీరంలోని ఊళ్లే. ఒక్కో ఊరికి ఎదురుగా ఖానాలు గీసింది. పార్కింగ్ ఎంత, ఇసుకలో అడుగుపెట్టడానికి టికెట్ ఉందా, హలాల్ హోటల్ ఎంత దూరం, నమాజ్‌కి చోటు ఉందా. టికెట్ సంగతి నాకూ వింతగానే తోచింది. అక్కడ చాలా ఊళ్లలో వేసవిలో బీచ్‌కి వెళ్లాలంటే మునిసిపాలిటీ అమ్మే బిళ్ల కొని బట్టలకు తగిలించుకోవాలి. అట్లాంటిక్ సిటీలో మాత్రం ఉచితం.

ఇదంతా మామూలు హిసాబే. చివరి ఖానా దగ్గర ఆగిపోయాను. దానిపైన ఇలా రాసింది: "ఎవరైనా ఏమైనా అంటారా?"

అమ్మాయి హిజాబ్ వేసుకుంటుంది. నీళ్లలోకి దిగితే నిండుగా కప్పే ఈత బట్టలు వేసుకుంటుంది. ఆ ప్రశ్న ఉత్తినే రాలేదు. 2018లో పక్కనున్న డెలావేర్ రాష్ట్రంలో, విల్మింగ్టన్ నగరపు ఈతకొలనులో ముస్లిం పిల్లల్ని, కాటన్ బట్టలూ హిజాబూ వేసుకున్నారని బయటికి పంపేస్తే గొడవైంది. తర్వాత మేయరే మాఫీ అడిగాడు. పిల్లల తల్లి అలాంటివి మరిచిపోదు.

నేను ఆమెకు చెప్పిన మొదటి మాట ఇది: "బేటీ, నువ్వు రాసిన ఊళ్లకు మన దేశపు ముస్లింలు నీకంటే నూట ముప్ఫై ఏళ్ల ముందే ప్రతి వేసవీ వెళ్లేవాళ్లు. చుట్టీలకు కాదు, రోజీ కోసం."

మజాక్ చేస్తున్నాననుకుంది. మజాక్ కాదు. బెంగాల్‌లో హుగ్లీ జిల్లా ఉంది. అక్కడి పల్లెల్లో ఆడవాళ్లు ఇళ్లలో కూర్చుని బట్ట మీద చికన్ కుట్టేవాళ్లు. దస్తర్‌ఖాన్‌లా బల్ల మీద పరిచే గుడ్డలు, దిండు గలేబులు, రుమాళ్లు. మగవాళ్లు ఆ మూటలు తీసుకుని కలకత్తాలో ఓడెక్కి, ఇంగ్లండ్ మీదుగా న్యూయార్క్‌లో దిగేవాళ్లు. 1880ల నుంచి ఈ సఫర్ సాగింది. అప్పట్లో అమెరికా షరీఫ్ ఖాందాన్లకు తూర్పు దేశాల సరుకంటే మోజు. ఆ ఖాందాన్లు వేసవిలో ఎక్కడుంటే ఈ వ్యాపారులూ అక్కడే. ఆస్బరీ పార్క్, లాంగ్ బ్రాంచ్, అట్లాంటిక్ సిటీ. మా పిల్ల లిస్టులో మూడు ఊళ్లు అవే! చలికాలం రాగానే మూట కట్టుకుని దక్షిణాన న్యూ ఆర్లీన్స్ వైపు వెళ్లేవాళ్లు. వివేక్ బాల్డ్ అనే పరిశోధకుడు ఓడల పట్టీలు, జనాభా లెక్కలు, పెళ్లి రికార్డులు వెతికి వీళ్ల కథ తవ్వితీశాడు. 2013లో వచ్చిన ఆ పుస్తకం పేరు 'బెంగాలీ హార్లెం'.

1897లో ఒక ఓడలో వచ్చిన డజను మందిని న్యూయార్క్ రేవులోని ఎల్లిస్ ద్వీపంలో ఆపేశారు. కాంట్రాక్టు మీద కూలీలను తేకూడదన్న కానూన్ ఒకటుండేది. వీళ్లు వ్యాపారులం అంటే అధికారులు నమ్మలేదు, వెనక్కి పంపేశారు. వేసవి మొదలవుతున్న రోజులు అవి. బేరం ఉండేది ఆ రెండు మూడు నెలలే కాబట్టి ఆ ఏడాది మెహనత్ అంతా మట్టిలో కలిసినట్టే. అయినా ఆ దారి మూతపడలేదు, 1917లో ఆసియా వాళ్లనే రానివ్వని చట్టం చేసేదాకా.

కొందరు అక్కడే ఉండిపోయారు. మొక్సద్ అలీ అనే అతను న్యూ ఆర్లీన్స్‌లో ఎల్లా బ్లాక్‌మన్ అనే నల్లజాతి స్త్రీని నికాహ్ చేసుకున్నాడు. అతని పేరు చదివినప్పుడు నాకు స్కూల్లో మా ఉర్దూ ఉస్తాద్ మక్సద్ అన్న మాటకు మాయనే చెప్పిన రోజు గుర్తొచ్చింది. చికన్ వ్యాపారుల్లో ఇలా పెళ్లిళ్లు చేసుకున్నవాళ్లు ఇంకా ఉన్నారు. తెల్లవాళ్ల బస్తీలో చోటు దొరకని మనిషికి నల్లవాళ్ల బస్తీలో ఇల్లు దొరికింది, భార్య దొరికింది, పిల్లలు పుట్టారు.

ఇక్కడి నుంచి కథ వాళ్లది. వాళ్ల కథ తెలియకుండా ఆ చివరి ఖానాకు జవాబు రాయలేం.

ఆస్బరీ పార్క్‌ను 1871లో జేమ్స్ బ్రాడ్లీ అనే బ్రష్షుల వ్యాపారి కట్టించాడు. హోటళ్లలో వండేదీ, వడ్డించేదీ, బట్టలుతికేదీ నల్లవాళ్లు. వాళ్ల ఇళ్లు రైలు పట్టాలకు అవతల. పని అయ్యాక సాయంత్రం వాళ్లూ సముద్రపు గాలికి వస్తే తెల్ల అతిథులు ఫిర్యాదు చేశారు. 1880లలో బ్రాడ్లీ వాళ్లను బీచ్ మీద, తీరం వెంబడి చెక్కలతో వేసిన బాట మీద తిరగనివ్వకుండా ఆంక్షలు పెట్టాడు. మన హుగ్లీ వ్యాపారి అదే బాట మీద మూట భుజానేసుకుని నడిచాడు. అమ్ముకునేవాడిగా నడిచాడు, కూర్చోవడానికి కాదు.

ఈ కొలత ఒక్క నల్లవాళ్లకే కాదు. 1879లో న్యూయార్క్ పక్కన బ్రూక్లిన్‌లో సముద్రపు హోటల్ నడిపే ఆస్టిన్ కార్బిన్, యూదులు తన దగ్గరికి రావద్దని పత్రికలకెక్కి మరీ చెప్పాడు.

అట్లాంటిక్ సిటీలో చెక్కబాట 1870లో వేశారు. కారణం వింటే నవ్వొస్తుంది. అతిథుల బూట్లకు అంటిన ఇసుక హోటళ్లలోకీ రైలు పెట్టెల్లోకీ వస్తోందని! ఆ ఊరిని నిలబెట్టింది కూడా నల్లవాళ్ల చెమటే. అయినా 1900 తర్వాత వాళ్లను మిస్సోరీ అవెన్యూ దగ్గరి ఒక్క ముక్కకు నెట్టేశారు. హోటళ్లలో భోజనం పెట్టరు కాబట్టి కుటుంబాలు ఇంటి నుంచే తోషా కట్టుకొచ్చేవి. వేయించిన కోడి అందులో తప్పనిసరి. దాంతో ఆ చోటుకు 'చికెన్ బోన్ బీచ్' అని పేరు పడింది, కోడి ఎముకల బీచ్ అని. ఎగతాళికి పెట్టిన పేరు. ఆ ఇసుకలోనే వాళ్లు గొడుగులు పాతి, పిల్లల్ని ఆడించి, ఆదివారాలు గడిపారు. శామీ డేవిస్ జూనియర్ లాంటి పెద్ద కళాకారులు కూడా అక్కడికే వచ్చేవాళ్లు. 1964లో పౌరహక్కుల చట్టం వచ్చేదాకా ఇదే హాల్.

మరి నల్ల కుటుంబం చుట్టీలకు ప్లాన్ ఎలా వేసేది? మా పిల్లలాగే లిస్టు రాసుకుని. హార్లెంలో ఉండే విక్టర్ హ్యూగో గ్రీన్ అనే పోస్ట్‌మన్, న్యూజెర్సీలోని హాకెన్‌సాక్‌లో ఉత్తరాలు పంచేవాడు. అతను 1936లో ఒక చిన్న పుస్తకం వేశాడు. ఏ ఊళ్లో ఏ హోటల్ గది ఇస్తుంది, ఎవరు అన్నం పెడతారు, కారు ఎవరు బాగుచేస్తారు, హోటలే లేని ఊళ్లో ఎవరింట్లో రాత్రికి తల దాచుకోవచ్చు. కొన్ని ఊళ్లలో పొద్దుగూకాక నల్లమనిషి కనబడితే జాన్‌కు ఖత్రా, అందుకని ఇవన్నీ ముందే తెలియాలి. అసలు పేరు 'నీగ్రో మోటరిస్ట్ గ్రీన్ బుక్'. మనం సబ్జ్ కితాబ్ అనుకుందాం. ఎస్సో పెట్రోల్ బంకుల్లో కూడా అమ్మేవాళ్లు. ఈ కితాబ్ అవసరమే లేని రోజు రావాలని అందులోనే రాసుకున్నాడు. 1960లో ఇంతకాల్ అయ్యాడు. చివరి ప్రతి 1966–67ది.

కొందరు లిస్టులు మానేసి సొంత ఊళ్లే కట్టుకున్నారు. మేరీలాండ్‌లో చార్లెస్ డగ్లస్ దంపతులను ఒక బీచ్ హోటల్ భోజనశాల గడప తొక్కనివ్వలేదు. ఆయన 1893లో ఆ పక్కనే నేల కొని హైలాండ్ బీచ్ అనే ఊరు మొదలుపెట్టాడు. తండ్రి ఫ్రెడరిక్ డగ్లస్, గులామీ నుంచి పారిపోయి దేశమంతా వినేలా గళమెత్తిన మనిషి. ఆయన కోసం అక్కడ ఒక ఇల్లు కట్టారు. ఎదురుగా చెసపీక్ అఖాతం. అఖాతం అవతల తాను గులామ్‌గా పుట్టిన నేల. ఆజాద్ మనిషిగా కూర్చుని దాన్ని చూడాలన్నది ఆయన తమన్నా. ఇల్లు పూర్తికాకముందే 1895 ఫిబ్రవరిలో పోయారు. ఇల్లు ఇప్పుడు మ్యూజియం.

సొంత నేల ఉన్నా నిలుస్తుందన్న భరోసా లేదు. కాలిఫోర్నియాలోని మన్‌హటన్ బీచ్‌లో విల్లా బ్రూస్ అనే నల్ల స్త్రీ 1912లో 1,225 డాలర్లకు జాగా కొని, భర్త చార్లెస్‌తో కలిసి నల్ల యాత్రికుల కోసం సత్రం నడిపింది. బెదిరించారు, తగలబెట్టాలని చూశారు, కదల్లేదు. 1924లో ఊరి మునిసిపాలిటీ పార్కు కడతామని భూసేకరణ చేసింది. ఈ మాట మనకు కొత్తదేం కాదు కదా! ముట్టిన ముఆవజా 14,500 డాలర్లు. పార్కు మాత్రం దశాబ్దాల పాటు కట్టలేదు, జాగా ఖాళీగా పడి ఉంది. చివరకు 2022లో లాస్ ఏంజెలెస్ కౌంటీ ఆ నేలను వాళ్ల వారసులకు తిరిగిచ్చింది. మరుసటి ఏడు వారసులు దాన్ని కౌంటీకే దాదాపు 2 కోట్ల డాలర్లకు అమ్మేశారు. అమ్మడం సరైనదేనా అని చాలామంది వాదించారు. నాకైతే అందులో తప్పు కనిపించలేదు. హక్ అంటే అమ్ముకునే హక్ కూడా.

మిసిసిపీలో బిలాక్సీ ఉన్న తీరం వెంబడి 26 మైళ్ల బీచ్ ఉంది. 1959లో డాక్టర్ గిల్బర్ట్ మేసన్ కొద్దిమందితో నీళ్లలో దిగి నిలబడ్డాడు. అదే పోరాటం. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో మళ్లీ దిగితే గొలుసులు, కర్రలతో కొట్టారు. కోర్టు ఆ బీచ్‌ని అందరికీ తెరిచేసరికి 1968 అయింది.

ఇవన్నీ అరగంటసేపు చెప్పాను. అవతల చప్పుడు లేదు. ఫోన్ కట్ అయిందేమో అనుకున్నాను. "వింటున్నాను మామూ" అంది. "అయితే ఏ ఊరు?"

కేప్ మే అన్నాను. 1850ల తొలి ఏళ్లలో హారియట్ టబ్మన్ వేసవిలో ఆ ఊరి హోటళ్లలో వంటపని చేసింది. కూలి డబ్బు దాచి, గులామీలో ఉన్నవాళ్లను తప్పించి తీసుకురావడానికి ఖర్చు పెట్టింది. ఆమె పేరు మీద అక్కడ మ్యూజియం ఉంది, పిల్లలకు చూపించమన్నాను. దారిలో అట్లాంటిక్ సిటీలో ఆగి, మిస్సోరీ అవెన్యూ చివర చాప పరుచుకోమన్నాను. టికెట్ లేదు, పార్కింగ్‌కు పెడితే చాలు.

"ఆ చివరి ఖానాలో ఏం రాయను?"

"అంటారేమో. అన్నా కూర్చోండి" అన్నాను.

కాసేపు ఆలోచించి, "మా అత్తగారు నికాహ్‌లో ఇచ్చిన చికన్ చాదర్ ఒకటి పెట్టెలో అట్టే ఉంది, అదే పరుస్తాను" అంది. "తినడానికి చికెన్ సిక్స్టీఫైవ్ చేసుకెళ్తాం."

"చేసుకెళ్లు బేటీ. ఎముకలు మాత్రం కవర్లో వేసుకుని తిరిగి తెచ్చేయండి" అన్నాను. వెనక పిల్లలు నవ్వడం వినిపించింది.